చేతులు మారేముందు ఫిల్టర్

ఎల్లంతకుంటలో ఆదివారం పొద్దున. ఎండ ఇంకా వాకిట్లోకి దిగలేదు. ప్లగ్ పీకేసిన అక్వేరియం ఫిల్టర్ మీ చేతిలో ఉంది, తడి వైరు మోచేతి మీదుగా వేలాడుతోంది. కొనేవాళ్లు రేపు సిరిసిల్ల నుంచి వస్తామన్నారు. అంటే చేతిలో ఉన్నది ఈ ఒక్కరోజే.

ముందు చేతులకు రబ్బరు తొడుగులు వేసుకోండి. చేపల తొట్టి నీళ్లలో ఉండే మైకోబ్యాక్టీరియం అనే సూక్ష్మజీవి వేలి మీది చిన్న గాటు నుంచి లోపలికి పోయి, త్వరగా మానని పుండ్లు తెప్పించగలదు.

మూత తిప్పగానే స్పాంజ్ జారి బకెట్లో పడుతుంది. వాసన చూడండి. సరిగ్గా నడిచిన ఫిల్టర్‌కు వాన పడ్డ మట్టి వాసన ఉంటుంది. కుళ్లిన గుడ్డు వాసన వస్తే లోపల నీళ్లు కదలక, ప్రాణవాయువు అందక పాడైందని గుర్తు. స్పాంజ్ పిండితే బకెట్ నీళ్లు చిక్కటి చాయ్ రంగుకు తిరుగుతాయి.

ఆ రంగంతా మురికే అనుకోకండి. చేపల విసర్జన, తినగా మిగిలిన మేత కుళ్లి అమ్మోనియా పుడుతుంది. ఒక రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, ఇంకో రకం ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయి. అమ్మోనియా, నైట్రైట్ చేపకు విషం. నైట్రేట్‌ను కొంతవరకు ఓర్చుకుంటుంది. ఈ పని చేసే బ్యాక్టీరియా ఎక్కువగా ఈ స్పాంజ్ సందుల్లోనే ఉంటుంది. అందుకే మన తొట్టి కోసమైతే స్పాంజ్‌ను నల్లా కింద పెట్టం. మిషన్ భగీరథ నీళ్లలోని క్లోరిన్ ఆ బ్యాక్టీరియాను చంపేస్తుంది. తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే పిండుకుంటాం.

అమ్మేటప్పుడు మాత్రం లెక్క తిరగబడుతుంది. ఇందులో ఏదీ బతికి ఉండకూడదు. మేలు చేసేవాటి పక్కనే తెల్లమచ్చల రోగం తెచ్చే పరాన్నజీవి, నత్త గుడ్లు, నాచు తునకలు ఉండొచ్చు. స్పాంజ్ అగ్గువ వస్తువు, దాన్ని తీసి చెత్తలో వేసి కొత్తది పెట్టడమే మంచిది. పిండిన నీళ్లు మాత్రం పారేయకండి. మందులేవీ కలవని నీళ్లయితే జామచెట్టు మొదట్లో పోయండి, అది మంచి ఎరువు.

పక్కింటి పెద్దమ్మ గోడ మీదుగా చూస్తోంది. "పైసలిచ్చి కొనుక్కునేటోడు కడుక్కోడా బిడ్డా?"

"మన తొట్లె ఏమున్నదో ఆయనకేం ఎరుక పెద్దమ్మా? మనకెరుక గద."

ఇప్పుడు మోటరు. ముందరి మూత లాగితే రెక్కల చక్రం, దాని వెనక అయస్కాంతం ఊడి వస్తాయి. మధ్యలోని సిరామిక్ పుల్ల సన్నగా ఉంటుంది, వంచితే పుటుక్కున విరుగుతుంది. అయస్కాంతం చుట్టూ జిగురు పేరుకుని ఉంటుంది. పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి, అది కూర్చునే గుంతను కూడా. అయస్కాంతం ఉబ్బినా, తుప్పు పట్టినా ఆ ఫిల్టర్‌ను అమ్మే ఆలోచన మానుకోండి.

బోరు నీళ్లు వాడిన తొట్టి అయితే గొట్టం మీద తెల్లటి సున్నం పొర గీకినా రాదు. నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లలో నానబెడితే బుడగలు లేచి, పొర వదులుతుంది. తర్వాత మంచినీళ్లతో రెండు మూడుసార్లు కడగాలి. ఈ కడుగు అసలు తప్పకూడదు. పులుపు మిగిలిన చోట బ్లీచింగ్ తగిలితే క్లోరిన్ గ్యాస్ లేచి ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది.

అప్పుడు బ్లీచ్. ఆరుబయటే కలపాలి. ఇళ్లలో వాడే బ్లీచింగ్ ద్రవం 1 పాలుకు నీళ్లు 19 పాళ్లు. గొట్టాలు, మూతలు, రెక్కలు 10-15 నిమిషాలు మునిగి ఉండాలి. తీసి బాగా కడిగి, క్లోరిన్‌ను విరిచే మందు వేసిన ఇంకో బకెట్లో ఫిల్టర్ బిగించి నడపండి. నీళ్ల ధార అరచేతికి తన్నాలి. గరగర చప్పుడు రాకూడదు. బకెట్లో చెయ్యి పెట్టేముందు ప్రతిసారీ ప్లగ్ తీయాలి. తర్వాత విప్పదీసి ఎండకు పెట్టి, రేపటిదాకా ఆరనివ్వండి.

ఇంత శ్రమ ఒక్క కొనేవాడి తొట్టి కోసమే కాదు, మన చెరువులు, కాల్వల కోసం కూడా. మిడ్ మానేరు నీళ్లను తిప్పాపూర్ పంపులు ఎత్తిపోస్తే ఈ మండలంలోని అనంతగిరి జలాశయం నిండుతుంది. అన్నపూర్ణ అని కూడా పిలిచే 3.5 టీఎంసీల ఆ జలాశయం నుంచి నీళ్లు సిద్దిపేట పక్కన రంగనాయక సాగర్‌కు, అక్కడి నుంచి మల్లన్న సాగర్, కొండపోచమ్మ సాగర్ దాకా పోతాయి. ఇక్కడి మోరీలో వదిలిన నత్త గుడ్డుకూ నాచు తునకకూ అంత దారీ దొరకొచ్చు. అక్వేరియం గోడలు శుభ్రం చేస్తుందని కొనుక్కునే సక్కర్ చేప దక్షిణ అమెరికాది. పెద్దదయ్యాక జనం దాన్ని చెరువుల్లో వదిలారు. ఇవాళ వలలు చింపే ఆ చేపను మత్స్యకారులు దెయ్యం చేప అంటున్నారు. హైదరాబాద్‌లోని పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు నీళ్లలోని డీఎన్‌ఏ ఆనవాళ్లతో తూర్పు కనుమల జలవనరుల్లో దాని వ్యాప్తిని గుర్తించారు. బొచ్చె, రవ్వ మీద బతికే కుటుంబాలకు అది నష్టం. తొట్టిలోది ఏదైనా చెరువులోకి, కాల్వలోకి పోకూడదు.

రేపు కొనేవాళ్లు రాగానే బకెట్లో నడిపి చూపించండి. ఎన్నాళ్లు వాడారో చెప్పండి. ఇంకో మాట దాచకుండా చెప్పాలి: "ఇది సాఫ్‌గ ఉన్నది గని, లోపల మంచి బ్యాక్టీరియా ఏం లేదు తమ్మీ. అది పెరిగెటందుకు నెల, నెలన్నర పడ్తది. మొదట రెండు చిన్న చేపలే ఎయ్యి, నీళ్లు మార్చుకుంట ఉండు." ధర తగ్గించమని అడిగితే తగ్గించండి. ఈ మాట మాత్రం తగ్గించకండి.