మర్దన, ప్రకృతి వైద్య శిక్షణ (భద్రాచలం ఏజెన్సీ)

ఖమ్మం, భద్రాచలం అడవి అంచున కోయ, కొండరెడ్డి గూడేల్లో ఒళ్లు పట్టడం బడిలో నేర్చే విద్య కాదు. పెద్దల చేయి చూసి అలవడే పని. ఇప్పగింజల నూనె చలికి పేరుకుంటుంది. పొయ్యి సెగన కరిగించి, గోరువెచ్చగా ఉండగానే కీళ్లకు రాస్తారు. ఎంత ఒత్తాలో వేళ్లకే తెలుస్తుంది. ఉద్యోగానికి మాత్రం కాగితం కావాలి. ప్రకృతి వైద్య పట్టా బీఎన్‌వైఎస్‌కు నాలుగున్నరేళ్ల చదువు, పైన ఏడాది ఇంటర్న్‌షిప్‌. అందుకు హైదరాబాద్‌లోని గాంధీ ప్రకృతి వైద్య కళాశాల దాకా పోవాలి, ఇంటర్‌లో బైపీసీ ఉండాలి. ఆ పట్టా తయారుచేసేది వైద్యుణ్ణి. మర్దన సహాయకుడికి అంత చదువు అక్కర్లేదు. కాబట్టి గూడెంలో పండిన చేతిని పరీక్షించి గుర్తించడమే సబబు. సంప్రదాయ వైద్యుల కోసం భారత నాణ్యతా మండలి రూపొందించిన స్వచ్ఛంద ధ్రువీకరణ పథకం ఇలాంటిదే.

అనుభవం ఒక్కటే చాలదనే వారి మాటలో నిజముంది. కాలి సిరలో గడ్డకట్టిన నెత్తురు మర్దనతో కదిలి ఊపిరితిత్తులకు చేరవచ్చు. వాచిన చీలమండ బెణికిందో విరిగిందో తేల్చుకోకుండా రుద్దితే మరింత చెడుతుంది. అయితే ఈ అపాయాలు తెలియని లోపం గూడెం మనిషికే పరిమితం కాదు, నాలుగు వారాల్లో స్పా కోర్సు ముగించినవారికీ ఉంటుంది. అందుకే ఎవరికైనా మొదట చెప్పాల్సింది ఎక్కడ చేయి వేయకూడదో, ఎప్పుడు రోగిని ఆసుపత్రికి పంపాలో.