హెరాల్డ్ ఇంటికి తిరిగొచ్చే దారి

తిరుమల కొండ దిగుతుంటే బ్రేకు కాలిన వాసన వచ్చిందంటే ఆ బండి నడిపేవాడు మా ఊరివాడు కాదు. తిరుపతి పాత టాక్సీ డ్రైవర్లు మనిషిని కొలిచే కొలత ఇది. "రెండో గేరులో వదిలెయ్ సామీ, ఇంజినే పట్టుకుంటాది. బ్రేకు మీద కాలు పెట్టుకోని కూచున్నావంటే అలిపిరి కాడికొచ్చేసరికి పెడలు నేలకి పోతాది" అనేవాళ్ళు.

మొదటి ఘాట్ రోడ్డు 1944లో తెరిచారు. 1974లో రెండోది వచ్చాక పాతది దిగేవాళ్ళ పాలైంది. ఎక్కడానికి 28 నిమిషాలు, దిగడానికి 40 నిమిషాలు, అంతకంటే ముందు వచ్చేస్తే తప్పు. గేటులో ఇచ్చిన చీటీ మీది టైము చూసి అవతల గేటులో పట్టుకుంటారు. ముందొచ్చినవాడికి జరిమానా వేసే దారి ఇంకెక్కడైనా ఉందో లేదో గాని, వేగం పిచ్చి ఉన్న మా వైపు కుర్రాళ్ళకి కొండ ఎప్పుడూ గురువే తప్ప మైదానం కాలేదు. మైదానం వేరే దిక్కున ఉండేది.

పుత్తూరు దాటి, నారాయణవనం, నాగలాపురం మీదుగా పోయి, సురుటుపల్లిలో పడుకున్న శివుడికి ఒక దండం పెట్టుకుంటే ఊత్తుకోట. అక్కణ్ణుంచి బోర్డుల మీద తమిళం. పెరియపాళెం దాటి కలకత్తా రోడ్డు ఎక్కితే షోలవరం. రెండో ప్రపంచయుద్ధం కాలంలో విమానాలకని వేసిన రన్‌వే అది. యుద్ధం అయిపోయాక విమానాలు పోయాయి, సిమెంటు మిగిలింది. ఆ సిమెంటు మీద కారు పందేలు నడిపిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్బు 1953లో పుట్టింది. చిత్తూరు జిల్లా మద్రాసు నుంచి తెగి ఆంధ్రలో కలిసిందీ ఆ ఏడు అక్టోబరులోనే. రాష్ట్రాలు వేరు పడ్డాయి గాని మాకు సినిమాకైనా, ఆస్పత్రికైనా, మోటారు విడిభాగాలకైనా మద్రాసే దిక్కుగా ఉండిపోయింది. పందేలకు కూడా.

షోలవరంలో విదేశీ రేసు కార్లు కూడా పరుగెత్తాయి. విజయ్ మాల్యా ఎన్‌సైన్ ఫార్ములా వన్ కారు తెచ్చి నడిపింది అక్కడే. అలాంటివి చూడ్డానికి జనం ఎగబడేవారు, సరే. నాకు మాత్రం వాటి పక్కన నిలబడ్డ ఇంటి బండ్ల మీదే మనసు. శుక్రవారం దాకా ఆఫీసుకు పోయి, ఆదివారం తలుపు మీద నంబరు అతికించుకుని వరుసలో నిలబడే ఫియట్లు, హెరాల్డ్‌లు. అందులోనూ హెరాల్డ్. దాని చావు నెమ్మదిగా వచ్చింది, అన్ని వైపులనుంచీ వచ్చింది.

అది మద్రాసు బిడ్డ. స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ ఆఫ్ ఇండియా వాళ్ళు 1961 నుంచి తయారు చేశారు. ఇంగ్లండులో దాని పేరు ట్రయంఫ్ హెరాల్డ్. రూపు దిద్దింది ఇటలీవాడు మిచెలొట్టి. 948 సీసీ ఇంజిను, 35 గుర్రాలకు అటూ ఇటూ బలం. ఈనాటి లెక్కలో నవ్వొస్తుంది. కాని బానెట్ ఎత్తి చూడండి: ముందు రెక్కలతో సహా మొత్తం మూతి ముందుకు వాలిపోయి ఇంజినూ, చక్రాలూ, స్టీరింగూ బట్టబయలు. మెకానిక్ టైరు మీద కూర్చుని పని చేసుకోవచ్చు. చట్రం వేరు, పైబాడీ వేరు. కావాలంటే ఊడదీసి మళ్ళీ బిగించొచ్చు. స్టీరింగు తిప్పితే ఇరవై అయిదు అడుగుల వెడల్పులో వెనక్కి మళ్ళుతుంది. మా గోవిందరాజస్వామి గుడి చుట్టూ ఉన్న సందుల్లో ఇంతకంటే ఏం కావాలి?

దాని వంశం గొప్పది. 1962లో అదే చట్రాన్ని కాస్త కురచ చేసి, 1147 సీసీ ఇంజినూ, జంట కార్బొరేటర్లూ, ముందు డిస్కు బ్రేకులూ పెట్టి ట్రయంఫ్ వాళ్ళు స్పిట్‌ఫైర్ అనే రెండు సీట్ల స్పోర్ట్స్ కారు చేశారు. మనకు అన్న దక్కాడు, తమ్ముడు దక్కలేదు. దిగుమతుల మీద కట్టడి ఉన్న రోజులు. ఇక మిగిలిన దారి ఒకటే: అన్నని తమ్ముడిగా మార్చడం.

ఆ మార్చడంలోనే ఈ గాథంతా ఉంది కాబట్టి కాస్త నిలబడి చెప్తాను.

ముందు సిలిండర్ హెడ్డు ఊడదీసి లేతుషాపుకు పట్టుకుపోతారు. అడుగున కొంత గీయిస్తే లోపల ఖాళీ తగ్గి, పెట్రోలు మరింత ఒత్తిడిలో మండి బలం పెరుగుతుంది. ఒక కార్బొరేటరు ఉన్నచోట రెండు. సైలెన్సరు తీసి నేరుగా గొట్టం. రన్‌వే మీద ఇంజిను పాడుతుంది. సోమవారం అయిదుగురిని ఎక్కించుకుని ఎండలో కొండెక్కితే, ఆ కాలపు పెట్రోలుకి ఆ ఒత్తిడి పడక టిక్కుటిక్కుమని కొట్టుకుంటుంది. దాన్ని డ్రైవర్లు "గుండెనొప్పి" అన్నా తప్పులేదు, చివరికి పిస్టన్ పోవడమే.

తర్వాత వెనక చక్రాలు. హెరాల్డ్‌లో వెనక రెండు చక్రాలూ దేనికవి ఊగుతాయి, అడ్డంగా పరిచిన ఒకే కమాను కట్ట మీద. గతుకుల రోడ్డులో హాయి. అయితే మలుపులో జోరుగా పోతూ భయపడి యాక్సిలరేటరు మీంచి కాలు తీశారో, వెనకభాగం పైకి లేస్తుంది, బయటివైపు చక్రం కాలు మడిచినట్టు బండి కిందికి మడుచుకుంటుంది. ఆపైన గిరగిరా తిరగడమే. షోలవరం మలుపుల్లో ఈ భయం పోవాలంటే కమాను పట్టీలను చదును చేసి వెనకను దించాలి. దించితే చక్రాలు పైన లోపలికి వాలి, నేలని బాగా పట్టుకుంటాయి. ఆ వాలుతో రోజూ తిరిగితే టైరు లోపలి అంచే అరిగిపోతుంది. డిక్కీలో సామాను, వెనక సీట్లో అత్తామామలు ఉంటే ప్రతి గుంటలోనూ అడుగు రాసుకుంటుంది.

ఇక బ్రేకులు. నాలుగు చక్రాలకూ డ్రమ్ములే. డ్రమ్ము వేడెక్కితే వ్యాకోచించి లైనరుకు దూరం జరుగుతుంది. పెడలు లోతుకు పోతుంది, పట్టు పోతుంది. కొండ దిగేటప్పుడు మా డ్రైవర్లు చెప్పే మాట ఇదే. అందుకని వేడికి లొంగని గట్టి లైనర్లు వేయించుకుంటారు. అవి కాగితేగాని పట్టవు. పొద్దున్నే చల్లటి బండి తీసుకుని పిల్లాణ్ణి బడికి దింపబోతే, గేటు దగ్గర మొదటిసారి తొక్కినప్పుడు ఆగదు. ఒంట్లో చెమట పడుతుంది.

చివరిగా బరువు. వెనక సీటు, బంపర్లు, కాళ్ళ కింది పట్టాలు, స్టెప్నీ అన్నీ తీసేస్తారు. ఆదివారం సాయంత్రం మళ్ళీ బిగిస్తారు. మొదట్లో అన్నీ బిగిస్తారు. తర్వాత బంపర్లు షెడ్డులోనే ఉండిపోతాయి. ఆ తర్వాత వెనక సీటు.

ఇందులో ఏ ఒక్కటీ తెలివితక్కువ పని కాదు. విడివిడిగా చూస్తే ప్రతిదీ న్యాయమే. అయితే ప్రతి మార్పూ బండిని ఇంటినుంచి ఒక అడుగు దూరం జరుపుతుంది, ఆ అడుగు ఎవరూ లెక్కపెట్టరు. ఏదో ఒక రోజు ఇల్లాలు "నేను బస్సులో పోతా" అంటుంది. బండి ఇంటిది కాకుండా పోయిన ముహూర్తం అది. మోటారు చరిత్రలు రాసేవాళ్ళు గుర్రాల బలం రాస్తారు గాని ఈ మాట ఎక్కడా రాయరు.

కంపెనీ వైపునుంచి ఇంకో చావు మొదలైంది. 1970ల మొదట్లో హెరాల్డ్‌ను ఆపి, కొత్త బట్టలు తొడిగి గెజెల్ అని పేరు పెట్టారు. ఊగే వెనక చక్రాలు మన మెకానిక్కులకీ, కొనేవాళ్ళకీ నచ్చలేదని తీసేసి, లారీకి ఉండేలాంటి ఊగని ఒంటి ఇరుసు పెట్టారు. తప్పని అనలేను, రోడ్లు అలాంటివి. కాని స్పిట్‌ఫైర్‌తో ఉన్న రక్తసంబంధం ఆ ఇరుసుతో తెగింది. 1977కి గెజెల్ కూడా ఆగిపోయింది. 1985లో స్టాండర్డ్ 2000 అని రోవర్ కారు ఒడ్డూ పొడుగుతో ఒకటి వదిలారు. రోవర్ దేహం, లోపల కంపెనీ పాత కారు వ్యాన్‌గార్డ్ కాలపు రెండు లీటర్ల ఇంజిను. పట్టుచీర కట్టి ఎడ్లబండి ఎక్కించినట్టుంది. 1988కల్లా ఫ్యాక్టరీ మూతపడింది. మిగిలిపోయిన రోవర్ విడిభాగాలను ఇంగ్లండులో పాత కార్ల సామాన్లమ్మే దుకాణంవాళ్ళు కొనుక్కుని పట్టుకుపోయారు. సముద్రం దాటి వచ్చిన వంశం, తుక్కుగా సముద్రం దాటి వెనక్కి పోయింది.

ఈలోగా 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చింది. పందేల మైదానంలో దాని కథని మలుపు తిప్పినవాడు తెలుగువాడే, మనకు తెలియనివాడు. కోయంబత్తూరులో తరాల కిందట స్థిరపడిన తెలుగు మిల్లుల కుటుంబంలో పుట్టిన ఎస్. కరివర్ధన్. మారుతి 800 ఇంజినును తీసి, గొట్టాల చట్రంలో ఒక్క మనిషి కూర్చునే రేసు కారు చేసి, ఫార్ములా మారుతి అన్నారు. తక్కువ ఖర్చులో అసలు రేసు కారు. ఆ కార్లలోనే పందేలు మొదలుపెట్టిన నరైన్ కార్తికేయన్ 2005లో ఫార్ములా వన్‌కు పోయిన తొలి భారతీయుడయ్యారు. కరివర్ధన్ అది చూడలేదు, 1995లో విమాన ప్రమాదంలో కన్నుమూశారు. కోయంబత్తూరులో మైదానానికి ఆయన పేరే పెట్టారు.

ఆయన చేసిన మేలు చిన్నది కాదు. అయినా హెరాల్డ్ తరఫున ఒక మాట అనక తప్పదు. ఫార్ములా మారుతిలో కూరగాయలకు పోలేం. పందెం బండి వేరు, ఇంటి బండి వేరు అని తేలిపోయింది ఆ రోజే.

1990లో షోలవరం వదిలి క్లబ్బు సొంత స్థలానికి మారింది. శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట. 3.717 కిలోమీటర్ల సొంత మైదానం, పక్కాగా. శ్రీపెరుంబుదూరు రామానుజులు పుట్టిన ఊరు. కొండమీద పాదం మోపడానికి మనసొప్పక ఆయన మోకాళ్ళతో ఎక్కారని మా ఊళ్ళో చెప్పుకుంటారు. మనం 28 నిమిషాల చీటీ చూసుకుంటూ విసుక్కుంటాం. కొన్నాళ్ళకు ఆ ఇరుంగాట్టుకోటలోనే హ్యుందాయ్ ఫ్యాక్టరీ వచ్చి, 1998 నుంచి సాంట్రోలు బయటికొచ్చాయి. గోడకు ఇటు పందేలు, అటు ఇంటి బండ్లు. హెరాల్డ్ ఒంట్లో ఒకటిగా ఉన్నవి ఒకే ఊళ్ళో రెండు గేట్లయ్యాయి.

ఆ తర్వాత కూడా కొందరు మొండివాళ్ళు ప్రయత్నించారు. ఫియట్ పాలియో 1.6, పుంటో అబార్త్, పోలో జీటీ టీఎస్ఐ. వారమంతా ఆఫీసు, ఏడాదికి నాలుగు రోజులు ట్రాక్. హెరాల్డ్ వాళ్ళకంటే వీళ్ళకి జ్ఞానం ఎక్కువ. ముందు ఇంజిను ముట్టుకోరు, బ్రేకు ఆయిలు మారుస్తారు. కొత్త డాట్ 3 ఆయిలు 205 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం, డాట్ 4 అయితే 230. గాలిలో తేమ పీల్చుకున్న కొద్దీ ఆ అంకె పడిపోతుంది. మరిగితే ఆవిరి, ఆవిరికి ఒత్తిడి ఆగదు, పెడలు నేలకి. మళ్ళీ అలిపిరి మాటే. తర్వాత ప్యాడ్లు, టైర్లు, సస్పెన్షన్. ఆఖరున ఇంజిను కంప్యూటరులో లెక్కలు మార్చడం. వరస మారింది. అడుగులు మాత్రం ఇంటికి దూరంగానే పడ్డాయి.

పైగా ఇప్పుడు కాగితాలు కూడా ఉన్నాయి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను బండి అసలు రూపును మార్చనివ్వదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దాన్ని ఇంకా గట్టిగా చెప్పింది. కారు బీమా పాలసీలో పందేలకూ, వేగ పరీక్షలకూ వర్తించదని చిన్న అక్షరాల్లో ఉంటుంది. మన దేశంలో ఫియట్ కార్లు 2019లో పోయాయి. పోలో 2022లో ఆగింది. పోలో పోయిన వారం తెలిసిన కుర్రాడొకడు నాకు ఫోను చేసి, పలకరింపులయ్యాక చాలాసేపు ఊరకే ఉండిపోయాడు. ఎవరైనా పోయినప్పుడు ఫోనులో అలాగే ఉంటారు.

షోలవరం నుంచి హెరాల్డ్ తిరిగొచ్చే ఆదివారం సాయంత్రాన్ని నేను చాలాసార్లు ఊహించుకున్నాను. పెరియపాళెంలో టీ. బంపర్లు డిక్కీలోనే ఉన్నాయి, తాడుతో కట్టి. ఇంజిను చల్లారేదాకా బానెట్ ముందుకు వాల్చి పెట్టారు, చుట్టూ పిల్లలు మూగారు. ఊత్తుకోట దాటాక చీకటి. అక్కడక్కడా దీపాలు, దూరంగా కొండల నల్లటి గీత. తలుపు మీది నంబరు కాగితాన్ని గోటితో గీకుతుంటే చివర్లు రావడం లేదు. మర్నాడు ఆఫీసు ముందు నిలబడ్డప్పుడు ఎండలో ఆ జిగురు మరక గుండ్రంగా మెరుస్తుంది.

ఇరుంగాట్టుకోటకు ఇప్పుడు పందెం బండ్లు లారీల మీద వస్తాయి, లారీల మీద పోతాయి. వాటి నంబర్లు ఎవరూ గీకరు.