ఆదోని మార్కెట్టులో బేరం: గుడ్డచాటు వేళ్ళ నుంచి తెరమీది అంకెల దాకా

బేరమాడటాన్ని ఒక హాస్య విషయంగా చూడటం మనకు పరిపాటి అయింది. గీసి గీసి బేరమాడే ఇల్లాలు, రెట్టింపు ధర చెప్పి సగానికి దిగే గాజులవాడు, పొద్దున్నే వచ్చి బోణీ పేరు చెప్పి చవగ్గా కొనుక్కుపోయే గడుసువాడు, వీరంతా మన కథల్లో నవ్వించడానికి పుట్టిన పాత్రలు. కాని బేరానికి ఒక చరిత్ర ఉన్నది. ఎవరు ధర చెప్పాలి, ఎవరు తగ్గించమని అడగాలి, ఎవరు కాదనగలరు అన్నవి మనుషుల స్వభావాన్ని బట్టి కాక వారి ఆర్థిక బలాన్ని బట్టి తేలుతూ వచ్చిన విషయాలు.

ఈనాడు ఈ చర్చ కొత్తగా అవసరమయింది. ఇంటర్నెట్టులో సరుకు అమ్మకానికి పెట్టేవాడు కొనేవాడికి బేరమాడే వీలు ఇవ్వాలా, లేక ఒకే ధర చెప్పి ఊరుకోవాలా అన్న ప్రశ్న పట్టణంలో పాత మోటారు సైకిలు అమ్ముకునేవాడికీ వచ్చింది, ఎమ్మిగనూరులో నేసిన బట్టను ఫోనులో ఫోటో పెట్టి అమ్ముకునేవాడికీ వచ్చింది. దీనికి వ్యాపార చిట్కాలు చెప్పేవారు చాలామంది ఉన్నారు. నేను చిట్కాలు చెప్పబోవడం లేదు. ఆదోని మార్కెట్టు చరిత్రలో ఈ ప్రశ్న ఎన్ని రూపాలు ధరించిందో, ప్రతి రూపంలోనూ తేలని విషయం ఏమిటో పాఠకుల ముందు ఉంచుతాను.

కౌతాళం, కోసిగి, ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతం తుంగభద్రకు దాపున ఉన్న మెట్టసీమ. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడేవరకు ఆదోని తాలూకా బళ్ళారి జిల్లాలో ఉండేది. అందువల్ల ఇక్కడి అంగడి భాషలో తెలుగు, కన్నడ, ఉర్దూ మాటలు కలిసిపోయి ఉంటాయి. నల్లరేగడిలో పత్తి పండుతుంది. ఆ పత్తిని అమ్ముకోవడానికి రైతు ఆదోనికి పోవాలి. జిన్నింగ్ మిల్లులతో, పత్తి వ్యాపారంతో రెండవ బొంబాయి అనిపించుకున్న పట్టణం అది. "అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి" అన్న సామెత ఏ ఊళ్ళో పుట్టిందో గాని, దాని అర్థం కౌతాళం రైతుకు ఒకరు విడమరచి చెప్పవలసిన పని లేదు.

ఈ ప్రాంతం 1800లో నిజాము చేతి నుంచి ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చింది. ఇక్కడి పత్తికి సముద్రాల అవతల గిరాకీ పెరగడానికి ముఖ్యమైన సందర్భం అమెరికా అంతర్యుద్ధం. 1861 నుంచి 1865 వరకు సాగిన ఆ యుద్ధంలో దక్షిణ రాష్ట్రాల రేవులు దిగ్బంధానికి గురై, ఇంగ్లండు మిల్లులకు అమెరికా పత్తి అందలేదు. భారతదేశపు పత్తి ధర ఆకాశానికి అంటింది. యుద్ధం ముగియగానే పడిపోయింది. తరువాత 1870లో సముద్రగర్భ తంతి బొంబాయిని లండనుతో కలిపింది. 1871లో మద్రాసు నుంచి వచ్చిన రైలు మార్గం ఆదోని మీదుగా పోయి రాయచూరు వద్ద బొంబాయి మార్గంతో కలిసింది. ఆ తరువాత ఈ సీమ పత్తికి వ్యాపార ప్రపంచంలో 'వెస్టర్న్స్' అనే పేరు స్థిరపడింది. నంద్యాల వైపు పత్తిని 'నార్తర్న్స్' అనేవారు.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటి ఉన్నది. రైలు సరుకును మోసింది, తంతి ధరను మోసింది. సరుకు రైతుది, కాని ధరను గూర్చిన వార్త వ్యాపారికి చేరింది. లివర్‌పూలులో ఏ ధర పలుకుతున్నదో బొంబాయి ద్వారా తెలుసుకోగలిగినవాడు ఒక పక్క, పోయిన వారం పక్క ఊరివాడికి ఎంత వచ్చిందో మాత్రమే తెలిసినవాడు మరొక పక్క కూర్చొని చేసేదాన్ని బేరం అనవచ్చునా? బేరం అనే మాటలోనే ఇద్దరు సమానులనే భావన ఉన్నది. ఆ సమానత్వం ఇక్కడ మొదటి నుంచీ లోపించింది.

లోపించినదాన్ని మరింత చీకటిలోకి నెట్టిన పద్ధతి గుడ్డచాటు బేరం. కొనేవాడూ దళారీ చేతులు కలిపి పైన తుండుగుడ్డ కప్పుకుంటారు. పట్టుకున్న వేళ్ళను బట్టి ధర తెలుస్తుంది. ఆ వేళ్ళు పదులా, వందలా, వేలా అన్నది వారికి ముందే తెలుసు. పశువుల సంతల్లో ఈ పద్ధతిని ఈనాటికీ చూడవచ్చు. పూర్వం దేశంలో పత్తి, ధాన్యం అమ్మే అంగళ్ళలో సైతం ఇది విరివిగా ఉండేది. దీన్ని సమర్థించేవారు, ఒకరి ధర మరొకరికి తెలియకపోతే పోటీ పెరుగుతుందని చెప్పేవారు. వినడానికి బాగానే ఉన్నది. కాని సరుకు యజమాని గుడ్డ బయట నిలబడి ఉన్నాడు! లోపల ఎన్ని వేళ్ళు ముడుచుకున్నాయో అతనికి దళారీ చెప్పిందే వేదం. ఆ దళారీ దగ్గరే అతను విత్తనాలకు అప్పు తెచ్చుకొని ఉండేవాడు.

ఈ గుడ్డను తొలగించడానికి చట్టం వచ్చింది. ఐతే అది మొదట రైతు కోసం రాలేదు. 1886లో హైదరాబాదు రెసిడెన్సీ ఉత్తర్వు కింద బేరారులోని కారంజాలో తొలి నియంత్రిత పత్తి మార్కెట్టు ఏర్పడింది. 1897లో బేరారు పత్తి, ధాన్యపు మార్కెట్ల చట్టం వచ్చింది. మాంచెస్టరు మిల్లులకు కల్తీ లేని పత్తి సరసమైన ధరకు దొరకాలన్నదే వీటి వెనుక ఉన్న ప్రధాన ప్రేరణ. 1928లో వ్యవసాయ రాయల్ కమిషన్ తన నివేదికలో నియంత్రిత మార్కెట్లు విస్తరించాలని సిఫారసు చేసింది. 1933లో మద్రాసు వాణిజ్య పంటల మార్కెట్ల చట్టం వచ్చింది. అంతకు మూడేళ్ళ ముందే హైదరాబాదు రాజ్యంలో మార్కెట్ల చట్టం ఉన్నది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తరువాత ఈ రెండింటి స్థానంలో 1966 చట్టం వచ్చింది. బహిరంగ వేలం, లైసెన్సు ఉన్న వ్యాపారి, సరియైన కాటా, అనుమతి లేని తరుగులపై నిషేధం, ఇవన్నీ ఈ చట్టాల ఫలితాలు. వీటిని తక్కువ చేసి మాట్లాడటం చరిత్రకు అన్యాయం. గుడ్డ కింద జరిగినది పదిమంది ఎదుట జరగడం మన గ్రామీణ ప్రజానీకానికి నిజమైన ముందడుగు.

వేలం తరువాత టెండరు వచ్చింది. ప్రతి రాసికీ ఒక లాటు నంబరు ఉంటుంది. వ్యాపారులు ఆ నంబరుకు తమ ధర రాసి చీటీలు పెట్టెలో వేస్తారు. గడువు ముగిశాక పెట్టె తెరచి హెచ్చు ధర ప్రకటిస్తారు. 2016 ఏప్రిల్ 14న కేంద్ర ప్రభుత్వం జాతీయ వ్యవసాయ మార్కెట్టును, అంటే ఈ-నామ్‌ను, 8 రాష్ట్రాల్లోని 21 మార్కెట్లతో ప్రారంభించింది. తరువాత ఆదోని యార్డు కూడా అందులో చేరింది. ఇప్పుడు చీటీకి బదులు కంప్యూటరు, ఫోను. గేటు దగ్గర సరుకు వివరాలు నమోదవుతాయి, లాటు నంబరు పడుతుంది, మచ్చు తీసి నాణ్యత చూస్తారు, వ్యాపారులు గడువు లోపల ధర వేస్తారు, హెచ్చు ధర రైతు ఫోనుకు సందేశంగా వస్తుంది. నచ్చకపోతే కాదనే హక్కు రైతుకు ఉన్నది.

కాదనే హక్కు! ఆదోని బేరం చరిత్ర అంతా ఈ చిన్న మాట దగ్గరే చిక్కుకొని ఉన్నదని నా అభిప్రాయం. వేలంలోనూ ఈ హక్కు ఉన్నది, టెండరులోనూ ఉన్నది, ఈనాటి తెరమీదా ఉన్నది. కాని హక్కు కాగితం మీద ఉండటం వేరు, చేతిలో ఉండటం వేరు. యార్డులో రాసి పక్కన కూర్చున్న రైతుల మాటలు నేను విన్నంతలో వారి లెక్క ఇది: బండి బాడుగ ఇచ్చేశాము, హమాలీ ఇచ్చేశాము, కాదంటే తిరిగి తీసుకుపోవడానికి మళ్ళీ బాడుగ, ఇంట్లో పెట్టుకుంటే ఎలుకలు, తడి, నిప్పు భయం, పైగా రేపు ఇంతకన్న తగ్గదని ఎవరు చెప్పగలరు? వాన కురవని ఏడాది ఈ లెక్కలో మరొక అంశం చేరుతుంది. కౌతాళం, కోసిగి ప్రాంతాల కుటుంబాలు సుగ్గికి, అంటే గుంటూరు వైపు మిరప కోతలకు, పిల్లలతో సహా బయలుదేరుతాయి. ప్రయాణం కట్టిన కుటుంబం ధర కోసం పది రోజులు ఆగగలదా? కాబట్టి తెర మీద వచ్చిన అంకెకు అతను ఒప్పుకుంటాడు. ఆ ఒప్పుకోవడాన్ని కంప్యూటరు 'అంగీకారం' అని నమోదు చేస్తుంది.

ఇక మరొక లోకాన్ని చూద్దాం. ఒకే ధర అనే పద్ధతిని 17వ శతాబ్దంలో ఇంగ్లండు క్వేకరు వర్తకులు నీతిగా పాటించారు. వచ్చినవాడి ముఖం చూసి ధర మార్చడం అబద్ధమాడటమేనని వారు భావించారు. 19వ శతాబ్దంలో అది నీతి స్థాయి దాటి అవసరమయింది. 1852 నుంచి పారిస్‌లో బూసికో నడిపిన బాన్ మార్షే వంటి పెద్ద దుకాణాల్లో అమ్మేవాడు యజమాని కాడు, జీతగాడు. ప్రతి జీతగాడికీ బేరమాడే అధికారం ఇస్తే దుకాణం నడవదు. అందుచేత సరుకు మీద ధర చీటీ అంటించారు. అంటే బేరం పోవడానికి కారణం నాగరికత ఒక్కటే కాదు, అమ్మకాల పరిమాణం కూడా.

ఇంటర్నెట్టు వచ్చి, ఒంటరి అమ్మకందారును తిరిగి రంగం మీదికి తెచ్చింది. 1995లో అమెరికాలో ప్రారంభమైన ఈబే మొదట వేలంపాటగానే నడిచింది. 2005లో కొనేవాడు తన ధర చెప్పే ఏర్పాటు చేసింది. అమ్మేవాడు దానికి ఒప్పుకోవచ్చు, కాదనవచ్చు, మధ్యే ధర చెప్పవచ్చు. ఫలానా అంకెకు తక్కువ వస్తే నాకు చూపకుండానే కాదను అని యంత్రానికి ముందే చెప్పి పెట్టవచ్చు కూడా. ఈ ఏర్పాటు పాత వస్తువుకు బాగా సరిపోతుంది. పాత బండికి లోకమంతటా తెలిసిన ధర లేదు. దాని గీతలు, టైర్లు, పత్రాలు చూసి ఇద్దరూ మాట్లాడుకొని తేల్చుకోవలసిందే. అక్కడ బేరం అంటే ధరను వెదకడం.

పత్తి విషయం అట్లా కాదు. దానికి న్యూయార్కులోనూ, బొంబాయిలోనూ రోజూ ధర పలుకుతున్నది. ఈనాడు ఆ ధర రైతు ఫోనులో కూడా కనబడుతుంది. 1870 నాటి చీకటి లేదు. ఐనా ఆ ధరను రైతు పొందలేకపోతున్నాడంటే లోపం తెలియకపోవడంలో లేదన్నమాట. పాత బండి అమ్మేవాడు తక్కువ ధర అడిగినవాడికి జవాబు కూడా ఇవ్వకుండా నిద్రపోగలడు. బండి మర్నాడు కూడా అతని వాకిట్లోనే ఉంటుంది. ఆ రాత్రి నిద్రే అతని బలం. పత్తి రైతుకు లేనిది అదే.

కాబట్టి కొనేవాడిని బేరమాడనివ్వాలా వద్దా అన్న ప్రశ్నను ఒంటరిగా వేయడం పొరపాటు. కాదని ఊరుకోగల శక్తి ఉన్నవాడు నిస్సంకోచంగా బేరానికి తలుపు తెరవవచ్చు. అది అతనికి నష్టం కాదు, ఒక్కొక్కప్పుడు లాభం. ఆ శక్తి లేనివాడికి, ఈ వారంలోనే నూలు అప్పు తీర్చవలసిన నేతగాడికి, తెరిచిన తలుపు గుండా ధర బయటికి పోతుందే గాని లోపలికి రాదు.

ఐతే ధరను చట్టం ద్వారా కట్టడి చేస్తే సరిపోతుందా? కేంద్ర ప్రభుత్వం 2025-26కు పొడవు పింజ పత్తికి క్వింటాలు రూ. 8,110, మధ్యరకానికి రూ. 7,710 మద్దతు ధరగా నిర్ణయించింది. 1970లో ఏర్పడిన భారత పత్తి సంస్థ ఆ ధరకు కొంటుంది. ఇది అవసరమైన అడ్డుకట్టే. కాని ధర దగ్గర మూసిన బేరం తేమ దగ్గర తెరుచుకుంటుంది. తేమ 8 శాతం దాటితే కోత, 12 శాతం దాటితే సరుకు తీసుకోరు. మంచు కురిసే కార్తీక మార్గశిరాల్లో తీసిన పత్తిలో తేమ ఎక్కువగా ఉంటుందని ఎవరికి తెలియదు? పూర్వం తరుగు పేర, ఇప్పుడు తేమ పేర, బేరం ఒక మాట నుంచి మరొక మాటకు మారుతూ వస్తున్నది. వెనక్కి పంపిన బండి వ్యాపారి దగ్గరికే పోతుంది.

దారి లేదని నేను అనడం లేదు. ఈ సీమలోనే ఒక ఉదాహరణ ఉన్నది. 1938లో మాచాని సోమప్పగారు ఎమ్మిగనూరులో చేనేత సహకార సంఘాన్ని స్థాపించారు. 1954లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. నూలు సమకూర్చడం, నేసిన బట్టను సంఘమే తీసుకొని అమ్మడం, ఈ రెండు పనులతో నేతగాడు సాహుకారు వాకిట ఒంటరిగా నిలబడే అవస్థ తగ్గింది. తరువాతి కాలంలో మన సహకార సంఘాలు ఎదుర్కొన్న కష్టాలు వేరే వ్యాసానికి విషయం. కాని మూలసూత్రం సరియైనది: బేరాన్ని నిషేధించలేదు, బేరమాడేవాడికి వెనుక ఒక గోడ కట్టింది. సరుకును గిడ్డంగిలో ఉంచి దాని మీద రుణం ఇచ్చే పథకం మన మార్కెట్ కమిటీలకు ఉన్నది. దానికి రైతుబంధు అని పేరు. అది పత్తికి పనికిరావాలంటే తడి, నిప్పు సోకని గిడ్డంగులు కౌతాళం వంటి చోట్ల, పొలాలకు దగ్గరగా ఉండాలి. రుణం సుగ్గి బండి బయలుదేరక ముందే చేతికి రావాలి.

గుడ్డను తొలగించడానికి ఒక తరం పోరాడింది. కాటాను సరిచేయడానికి మరొక తరం పోరాడింది. ధరను రైతు ఫోనులోకి తేవడం మన తరం చేసిన పని. ఆ ఫోనులో 'వద్దు' అన్న మీట కూడా ఉన్నది. దాన్ని నొక్కిన రైతు ఆ రాత్రి సరుకును ఎక్కడ పెట్టుకోవాలో, మర్నాడు అప్పులవాడికి ఏం చెప్పాలో తేల్చే పని ఇంకా మిగిలి ఉన్నది. మార్కెట్టు సంస్కరణను గూర్చి మాట్లాడే ప్రతివారినీ ముందు ఆ సంగతి అడగవలసి ఉన్నది.