లిస్బన్, ఏథెన్స్ తర్వాత... ముందు మన గోదావరి దాటుదాం | సరిహద్దులు దాటే ప్రయాణాల కథ

ఏటూరునాగారం నుంచి మాట్లాడుతున్నా. వెనకాల వినిపిస్తున్న సౌండ్ లారీలది. జాతీయ రహదారి 163 మీద ఛత్తీస్‌గఢ్ వైపు పోతున్నాయి. మనమేం చేయలేం, కొంచెం అడ్జస్ట్ అవ్వండి. పైగా ఈ రోజు టాపిక్‌కి ఆ సౌండ్ ఉండాల్సిందే.

మా ఊరి తమ్ముడు ఒకడు జర్మనీలో ఉద్యోగం చేస్తున్నాడు. హైదరాబాద్ నుంచి ఇద్దరు దోస్తులు వస్తారట, ముగ్గురూ కలిసి కారు అద్దెకు తీసుకుని దక్షిణ యూరప్ తిరగాలని ప్లాన్. వెనిస్ దగ్గర మొదలుపెట్టి స్లొవేనియా, క్రొయేషియా, మాంటెనెగ్రో, అల్బేనియా మీదుగా గ్రీస్‌లో ఏథెన్స్ దాకా. "అన్నా, నువ్వు హిస్టరీ చెప్తవు కదా, దారిలో ఏమేం చూడాల్నో జర చెప్పు" అని ఒక ఎక్సెల్ షీట్ పంపిండు.

షీట్ తెరిచి చూస్తే నాకు నవ్వొచ్చింది. చూడాల్సిన ఊళ్ళు పది వరసలు కూడా లేవు. మిగతాదంతా సరిహద్దుల గొడవే. షెంగెన్ వీసా మీద 180 రోజుల్లో 90 రోజులే ఉండాలి. సింగిల్ ఎంట్రీ వీసా అయితే ఒకసారి షెంగెన్ దాటి మాంటెనెగ్రోలోకి పోయినవాడు మళ్ళీ గ్రీస్‌లోకి రాలేడు. స్లొవేనియా హైవే ఎక్కాలంటే ముందే విన్యెట్ అనే పాస్ కొనాలి. అల్బేనియాకి కారు తీసుకెళ్తామంటే అద్దె కంపెనీ రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. అల్బేనియాలో డబ్బు లెక్. మాంటెనెగ్రో యూరోపియన్ యూనియన్‌లో లేదు, కానీ వాడేది మాత్రం యూరోనే! ఇంకో తిరకాసు చూడండి. తమ్ముడి దగ్గర జర్మనీ రెసిడెన్స్ పర్మిట్ ఉంది, దోస్తుల దగ్గర టూరిస్ట్ వీసా. అంటే ఒకే కారులో కూర్చున్న ముగ్గురికి ఒకే గేటు దగ్గర రెండు రకాల రూల్స్.

అప్పుడు నాకు అనిపించింది. దూరం ప్రయాణానికి ప్లాన్ అంటే కిలోమీటర్ల లెక్క కాదు, మధ్యలో ఎన్ని ప్రభుత్వాలు తగులుతాయో ఆ లెక్క. ఈ లెక్క మనకేం కొత్తది కాదు. తెలుగులో మొట్టమొదటి యాత్రా చరిత్రే ఇలాంటి ప్రయాణం మీద రాసింది.

ఏనుగుల వీరాస్వామయ్య గారి పేరు కొందరైనా విని ఉంటారు. మద్రాసు సుప్రీం కోర్టులో ఇంటర్‌ప్రెటర్, అంటే దుబాసీ. 1830 మే 18న మద్రాసు నుంచి కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబర్ 3న తిరిగి ఇంటికి చేరారు. పదిహేను నెలల పైనే. వెంట దాదాపు వంద మంది. కుటుంబం, చుట్టాలు, పల్లకీ మోసే బోయీలు, వంటవాళ్ళు, కాపలావాళ్ళు. ఒక్కసారి ఊహించుకోండి, వంద మందికి రోజూ రెండు పూటలా బియ్యం, పప్పు, కట్టెలు, నీళ్ళు. మనం నలుగురం గోవా పోతేనే రూమ్ బుకింగ్ దగ్గర కొట్టుకుంటాం.

దారిలో చూసిందంతా ఆయన తన స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళై గారికి రాస్తూ పోయారు. ఆయన పోయాక, 1838లో, పిళ్ళై గారు దాన్ని 'కాశీయాత్ర చరిత్ర' పేరుతో అచ్చు వేయించారు. కాశీ పేరు చూసి అంతా భక్తి పుస్తకం అనుకుంటారు గానీ, సగం పుస్తకం రోడ్ ట్రిప్ గైడ్. ఏ ఊళ్ళో దిగడానికి చోటుంది, ఎక్కడ అంగళ్ళున్నాయి, దారి ఇసకా రాయా, ఏ వాగు ఎలా దాటాలి... ఇవన్నీ మజిలీ మజిలీకి రాశారు. మే నెలలో బయలుదేరారంటే వానాకాలం మొత్తం రోడ్డు మీదే గడిచిందన్నమాట. కృష్ణ, గోదావరి, వార్ధా, నర్మద, ఏ నది మీదా ఇప్పుడున్నలాంటి వంతెనల్లేవు.

ఆయన దాటిన సరిహద్దులు లెక్కపెడదాం. మద్రాసు, కడప కుంపిణీ రాజ్యం. శ్రీశైలం అప్పట్లో కర్నూలు నవాబు చేతిలో ఉంది. కృష్ణ దాటితే నిజాం రాజ్యం. హైదరాబాద్, నిర్మల్ మీదుగా ఇంకా పైకి పోతే నాగపూర్ భోంస్లేలది. అక్కడి నుంచి మళ్ళీ కుంపిణీ. అంటే ఒక్క యాత్రలో నాలుగు ప్రభుత్వాలు. హైదరాబాద్ రూపాయి వేరు, కుంపిణీ రూపాయి వేరు, మారకంలో ప్రతిచోటా ఎంతో కొంత పోతుంది. ఊరూరా తూనికలు, కొలతలు మారతాయి. ప్రయాగ, గయ, పూరీ దగ్గర కుంపిణీ ప్రభుత్వమే యాత్రికుల నుంచి పన్ను వసూలు చేసేది. ఆ పన్ను 1840 దాకా తీసెయ్యలేదు. దేవుణ్ణి చూడ్డానికి ఎంట్రీ ఫీజు అన్నట్టు!

సరే, వీరాస్వామయ్య గారు గోదావరి దాటింది నిర్మల్ దారిలో. మా ఏటూరునాగారం వైపు రాలేదు. వచ్చి ఉంటే ఆ రోజుల్లో ఇక్కడ నదికి రెండు ఒడ్లూ నిజాం ప్రభుత్వానివే. సరిగ్గా ముప్పై ఏళ్ళ తర్వాత కథ మారింది. నేను అసలు చెప్పాలనుకున్నది ఇదే.

1860లో బ్రిటిష్ వాళ్ళకీ ఐదో నిజాం అఫ్జలుద్దౌలాకీ ఒక ఒప్పందం జరిగింది. 1857 తిరుగుబాటులో నిజాం తమవైపు నిలబడ్డాడని, అంతకు ముందు తీసుకున్న రాయచూర్ దోఆబ్, నల్‌దుర్గ్ తిరిగి ఇచ్చారు. 50 లక్షల అప్పు మాఫీ చేశారు. బదులుగా నిజాం ఇచ్చిన వాటిలో గోదావరి ఎడమ ఒడ్డున ఉన్న తాలూకాలు ఉన్నాయి. ఆ ప్రాంతమంతా సెంట్రల్ ప్రావిన్సెస్‌లో 'అప్పర్ గోదావరి' జిల్లా అయ్యింది, హెడ్ క్వార్టర్స్ సిరొంచా.

అంటే ఏమైంది? ఏటూరునాగారం ఒడ్డు నిజాంది, నదికి అవతల నూగూరు ఇంగ్లీషువాళ్ళది. రాత్రికి రాత్రి గోదావరి దేశ సరిహద్దు అయిపోయింది. ఇప్పటికీ అవతల మండలాన్ని కాగితాల మీద 'వెంకటాపురం (నూగూరు)' అని రాస్తారు చూడండి, ఆ బ్రాకెట్లో పేరు ఆ కాలానిదే.

బ్రిటిష్ వాళ్ళకి ఈ అడవి ఒడ్డు ఎందుకు కావాల్సి వచ్చింది? పత్తి కోసం. నాగపూర్, బేరార్ పత్తిని గోదావరి మీద పడవల్లో సముద్రం దాకా దించాలని ప్లాన్. వెనకాల ఉన్న బుర్ర ఆర్థర్ కాటన్‌ది. నదిలో రాళ్ళు అడ్డమొచ్చే చోట్లు మూడు: దుమ్ముగూడెం, ఇచ్చంపల్లి, దేవలమర్రి. అక్కడ ఆనకట్టలు, లాకులు కట్టి పడవలు దాటించాలనుకున్నారు. నది మీద పోయే సరుకుకి సుంకం ఉండకూడదని 1860 ఒప్పందంలోనే రాసుకున్నారు. మా ఊరు దుమ్ముగూడేనికీ ఇచ్చంపల్లికీ మధ్యలో ఉంది. అంటే ఆ ప్లాన్ పూర్తయి ఉంటే మా రేవు ముందు నుంచి పత్తి పడవలు బారులు తీరేవి. కానీ 1867లో రైలు నాగపూర్‌కి చేరింది. బొంబాయి దగ్గరైపోయింది. 1871లో గోదావరి పనులు ఆపేశారు. దుమ్ముగూడెం ఆనకట్ట ఇప్పటికీ ఉంది, వెళ్ళినప్పుడు చూడండి.

పడవల ప్లాన్ పోయింది. సరిహద్దు మాత్రం పోలేదు. నన్నడిగితే చరిత్రలో ఇలాంటివే ఎక్కువ. గీత గీసిన కారణం పదేళ్ళలో ఎగిరిపోతుంది, గీత మాత్రం వందేళ్ళు జనం మధ్యన పడి ఉంటుంది.

ఇప్పుడు మనమూ ఒక ట్రిప్ ప్లాన్ చేద్దాం. 1900వ సంవత్సరం, ఏటూరునాగారం నుంచి జగదల్‌పూర్. ఎండలు ముదిరే లోపు బయలుదేరాలి, వానలు పడితే వాగులు దాటనివ్వవు. మొదట నాటుపడవలో గోదావరి దాటాలి. దాటగానే బ్రిటిష్ ఇండియా. ఇటు తేదీ 1309 ఫసలీ, అటు 1900. ఇటు నడిచేది హాలి సిక్కా, అటు కల్దార్ రూపాయి. సుమారు 116 హాలి రూపాయలు ఇస్తే 100 కల్దార్. సరుకు తెస్తే నిజాం కరోడ్‌గిరీ వాళ్ళు సుంకం అడుగుతారు. మన తాతలు కస్టమ్స్‌ని ఆ పేరుతోనే పిలిచేవారు. ఇంకొంచెం ముందుకు పోతే భోపాలపట్నం. అది బస్తర్ రాజ్యం కింద ఉన్న జమీందారీ. అంటే మూడో ప్రభుత్వం! ఆ బస్తర్ రాజులేమో తమ మూలపురుషుడు అన్నమదేవుడని, ఓరుగల్లు ప్రతాపరుద్రుడి తమ్ముడని చెప్పుకుంటారు. ఓరుగల్లు పడిపోయాక గోదావరి దాటి వెళ్ళాడని వాళ్ళ కథ. అంటే మన ఓరుగల్లు వంశమని చెప్పుకునే రాజ్యంలోకి పోవడానికి మధ్యలో ఇంగ్లీషువాడి గడ్డ తొక్కాలి.

ఈ దారిలో ఎక్సెల్ షీట్ లేకుండా తిరిగినవాళ్ళు లంబాడీలు. ఎద్దుల మందల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని సముద్రం ఒడ్డు నుంచి బస్తర్ లోపలి దాకా పోయేవారు. ఏ వాగు ఎప్పుడు దిగుతుంది, గడ్డి ఎక్కడుంది, ఏ ప్రభుత్వం ఎక్కడ సుంకం అడుగుతుంది, అంతా నోటి లెక్కే.

ప్రయాణం చేసేవాడికి సరిహద్దు ఒక రోజు చిరాకు. అక్కడే బతికేవాళ్ళకి? రెండు ఒడ్ల మీదా ఉన్నది కోయవాళ్ళే. అదే భాష, అవే గోత్రాలు, అటు పిల్లనిచ్చి ఇటు తెచ్చుకునే సంబంధాలు. గీత వాళ్ళ ఇళ్ళ మధ్యలో నుంచి పోయింది. ఇటు ఒడ్డున ఒక అడవి చట్టం, అటు ఒడ్డున ఇంకోటి. ఇటు నేరం చేసినవాడు అటు దూకితే ఇక్కడి పోలీసులకి అధికారం లేదు. అందుకే 1867లో నేరస్తులను ఒకరికొకరు అప్పగించుకునేలా రెండు ప్రభుత్వాలూ ఒప్పందం చేసుకున్నాయి. అంటే మన వాగులు, రేవులు అంతర్జాతీయ ఒప్పందాల పరిధిలో ఉండేవన్నమాట!

తర్వాత అవతల ఒడ్డు చేతులు మారుతూనే ఉంది. 20వ శతాబ్దం మొదట్లో నూగూరు సెంట్రల్ ప్రావిన్సెస్ నుంచి మద్రాసు ప్రెసిడెన్సీకి పోయింది. 1948లో హైదరాబాద్ ఇండియాలో కలిసింది. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక గానీ రెండు ఒడ్లూ మళ్ళీ ఒకే ప్రభుత్వం కిందికి రాలేదు. మొత్తం 96 ఏళ్ళు. అప్పటికీ జిల్లాలు వేరు. ఇటు వరంగల్, అటు తూర్పు గోదావరి, 1959 నుంచి ఖమ్మం. 2016లో వాజేడు, వెంకటాపురం మనతో పాటు జయశంకర్ భూపాలపల్లి జిల్లాలోకి వచ్చాయి, 2019లో అందరం ములుగు జిల్లా అయ్యాం. అవతలి ఒడ్డున ఎనభై ఏళ్ళున్న ముసలమ్మ గడప దాటకుండానే ఎన్ని జిల్లాలు మారిందో లెక్కేసుకోండి.

కాగితాల మీద కలవడం వేరు, కాలు పెట్టి దాటడం వేరు. ముల్లకట్ట, పూసూరు మధ్య గోదావరి మీద వంతెన తెరుచుకున్నది తెలంగాణ వచ్చాకే. అంతకు ముందు నిండు గోదావరి దాటాలంటే పడవ, లేదంటే ఎక్కడికో చుట్టు తిరిగి పోవాలి. కాన్పు నొప్పులొచ్చిన ఆడమనిషికి, పాము కరిచినవాడికి ఆ తేడా ఎంతో చెప్పక్కర్లేదు.

ఇక్కడ మళ్ళీ తమ్ముడి షీట్ గుర్తొచ్చింది. అందులో క్రొయేషియా తీరం వెంట దుబ్రోవ్నిక్ అనే పాత కోట నగరం ఉంది. ఆ నగరానికీ మిగతా క్రొయేషియాకీ మధ్యలో సముద్రం దాకా బోస్నియా ముక్క ఒకటి అడ్డం వస్తుంది. పేరు నేయుమ్. ఎలా వచ్చింది? 1699లో కార్లోవిట్స్ ఒప్పందం జరిగినప్పుడు దుబ్రోవ్నిక్ అనే చిన్న రిపబ్లిక్, పక్కనున్న వెనిస్ వాళ్ళంటే భయపడి, మధ్యలో అడ్డుగా ఉంటుందని ఆ ముక్కని తుర్కుల చేతిలో పెట్టింది. వెనిస్ రాజ్యం పోయింది, తుర్కుల రాజ్యం పోయింది, దుబ్రోవ్నిక్ రిపబ్లిక్ కూడా పోయింది. మూడొందల ఏళ్ళ తర్వాత కూడా బస్సులు అక్కడ ఆగి పాస్‌పోర్టులు చూపించాల్సి వచ్చింది! చివరికి 2022 జూలైలో సముద్రం మీద 2.4 కిలోమీటర్ల పెల్యెషాట్స్ వంతెన కట్టి ఆ ముక్కని తప్పించారు. అదే నెలలో ఇక్కడ గోదావరి పొంగి భద్రాచలం దగ్గర 71.3 అడుగులకు చేరింది. మా దగ్గర ఊళ్ళు మునిగాయి.

పెద్ద వంతెన వచ్చింది కదా, అయిపోయిందా అంటే అవ్వలేదు. 2023 జూలైలో జంపన్న వాగు పొంగి మా మండలంలో కొండాయి ఊరిని ముంచింది. ప్రాణాలు పోయాయి, ఊరికి దారి తెగిపోయింది. జాతీయ రహదారి మీద రెండు రాష్ట్రాల మధ్య లారీ ఆగకుండా పోతుంది. దానికి కొన్ని కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊరి మనిషి మాత్రం వాగు దగ్గర ఆగిపోతాడు. యూరప్ షీట్‌లో ఈ రకం సరిహద్దుకి కాలమ్ లేదు.

తమ్ముడికి నేను చెప్పింది ఇదే. దోస్తులకి మల్టిపుల్ ఎంట్రీ వీసా పెట్టించు, ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ ఏడాదే చెల్లుతుంది కాబట్టి తేదీ చూసుకో, అల్బేనియా పర్మిషన్ కాగితం కారులోనే ఉంచు. కొత్త వంతెన ఎక్కి పోవచ్చు, కానీ ఒక పూట టైమ్ ఉంటే మాత్రం పాత దారిలో నేయుమ్ మీదుగా పో. ఆ చెక్‌పోస్ట్ దగ్గర ఆగి చూడు.

మా టీమ్ డిసెంబర్‌లో ముల్లకట్ట వంతెన మీదుగా వాజేడు, వెంకటాపురం తిరిగి, భోపాలపట్నం దాకా బండ్ల మీద పోయి షూట్ చేస్తుంది. మీది ఆ ఒడ్డు అయితే ఒక చిన్న పని చేసి పెట్టండి. ఇంట్లో పాత పెట్టెల్లో నూగూరు తాలూకా పేరున్న శిస్తు రసీదులు, పట్టాలు, హాలి నాణేలు ఏమైనా ఉంటే ఫోటో తీసి పంపండి. తాతమ్మలు ఎవరైనా పడవ రేవు గురించి చెప్తే ఫోన్లో రికార్డ్ చేయండి, మాటలు తడబడినా పర్లేదు, మధ్యలో ఆపకండి. వచ్చే ఎపిసోడ్ వాటితోనే చేద్దాం.