ఇంటిపన్నూ - ఇల్లాలి ఓటూ



"ఎవరికి వేస్తే ఏముందండీ! మన డబ్బు వాళ్ళిష్టం వచ్చినట్టు ఖర్చు పెడతారు." ఎన్నికలు వచ్చినప్పుడల్లా మన ఇళ్ళల్లో ఈ మాట వింటూనే ఉంటాం. నేనూ అన్నదాన్నే. అయితే ఇలా విసిగిపోయిన ఓటర్లంతా ఒక్కటై, ప్రభుత్వానికి డబ్బు అందకుండా కట్టడి చేస్తే ఏమవుతుంది? 1978లో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో అదే జరిగింది. ఆ ముచ్చట ఈవేళ చెప్పుకుందాం.

ముందు అక్కడి ఎన్నికల పద్ధతి కాస్త తెలుసుకోవాలి. ఒక పార్టీ తరఫున ఎవరు నిలబడాలో మన దేశంలో సాధారణంగా పార్టీ పెద్దలే తేలుస్తారు. కాలిఫోర్నియాలోనూ ఒకప్పుడు అంతే. ఆ పెద్దల వెనుక సదరన్ పసిఫిక్ అనే రైలు కంపెనీ పలుకుబడి చాలా ఉండేది. దాన్ని తగ్గించాలని 1909లో ప్రైమరీ ఎన్నికల చట్టం తెచ్చారు. అంటే అసలు ఎన్నికకు ముందే, పార్టీ అభ్యర్థిని ఓటర్లే ఎన్నుకునేవారన్నమాట. ఆ దారినే వచ్చిన హైరమ్ జాన్సన్ 1910లో గవర్నరుగా గెలిచాడు.

1911 అక్టోబరు 10న అక్కడి ఓటర్లు మరి రెండు హక్కులు సాధించారు. తగినన్ని సంతకాలు పోగుచేస్తే ప్రజలే ఒక చట్టాన్ని ఓటుకు పెట్టవచ్చుననేది ఒకటి. స్త్రీలకు ఓటు హక్కు రెండోది. ఈ రెండోది నాలుగువేల ఓట్ల లోపు ఆధిక్యంతో గట్టెక్కింది!

ఇక 1970ల సంగతి. ఇళ్ళ ధరలు విపరీతంగా పెరిగాయి. ధరతోపాటే ఇంటిపన్నూ పెరిగింది. ఇల్లు అదే, గదులు అవే, పింఛనూ అంతే. పన్ను మాత్రం ఏటా బరువైపోయింది. ఇల్లు అమ్ముకోవలసి వస్తుందేమోనని వృద్ధులు బెంగపెట్టుకున్నారు. మరోపక్క రాష్ట్ర ఖజానాలో సుమారు 500 కోట్ల డాలర్లు మిగిలి ఉన్నాయి. కోపం రాదూ మరి?

హోవర్డ్ జార్విస్, పాల్ గాన్ అనే ఇద్దరు ముందుకు వచ్చి 12 లక్షలకు పైగా సంతకాలు సేకరించారు. అదే 13వ ప్రతిపాదన. 1978 జూన్ 6న, ప్రైమరీ ఎన్నికనాడే దాన్ని ఓటుకు పెట్టారు. దాదాపు 65 శాతం మంది "సరే" అన్నారు. ఇంటిపన్ను ఇంటి విలువలో ఒక శాతం మించకూడదు. విలువను 1975-76 నాటి లెక్కకు తగ్గించాలి. ఇల్లు చేతులు మారేదాకా ఆ విలువ ఏటా 2 శాతం కంటే పెరగకూడదు. ఇదీ కట్టుబాటు.

పెద్దవాళ్ళ ఇళ్ళు నిలిచాయి. అది నిజమైన మేలు, కాదనను. కానీ ఇంటిపన్ను రాబడి సగానికి పైగా పడిపోయింది. చాలాచోట్ల పిల్లల వేసవి బడులు ఆగిపోయాయి. లైబ్రరీలు తెరిచి ఉంచే వేళలు తగ్గాయి. ఖజానాలోని మిగులుతో రాష్ట్రం కొంత ఆదుకుంది. అయితే దాంతోపాటే ఊరి బడి డబ్బు మీద అధికారం కూడా రాష్ట్ర రాజధానికి పోయింది. ప్రభుత్వం పెత్తనం తగ్గాలని ఓటేసినవారికి, ఇంకా దూరాన ఉన్న ప్రభుత్వం పెత్తనం వచ్చింది!

మరో వింత చూడండి. పక్కపక్కనే ఒకేలాంటి రెండు ఇళ్ళు. పాతకాపు కట్టే పన్ను కొంచెం. కొత్తగా కొన్నవారు కట్టేది దానికి ఎన్నో రెట్లు. ఇది అన్యాయమని దావా వేస్తే, 1992లో అమెరికా సుప్రీంకోర్టు ఆ పద్ధతి చెల్లుతుందనే తీర్పు చెప్పింది. ఈమధ్య కాలంలో అక్కడ ఇల్లు కొనుక్కున్న మన తెలుగు పిల్లలకు ఈ సంగతి బాగా తెలుసు.

అమ్మా, నెలాఖరుకు డబ్బు చాలకపోతే మనమూ ఖర్చు తగ్గిస్తాం. కానీ సినిమా మానుకోవాలా, పిల్లల పాలు తగ్గించాలా అన్నది మనమే ఆలోచించుకుంటాం. డబ్బు పెట్టెకు తాళం వేసి, చెవి ఇంకొకరి చేతిలో పెట్టం గదా! "ఖర్చు తగ్గించండి" అనడం ఓటరు హక్కే. ఏ ఖర్చు అని అడగడం కూడా ఓటరు పనే. రెండోది మనం అడగకపోతే, ఆ కోత ఎక్కడ పడాలో మరెవరో నిర్ణయిస్తారు.

ఈసారి మీ వార్డులో ఓటడగడానికి వచ్చినవారికి మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టండి. మన ఇంటిపన్ను దేనికెంత ఖర్చయిందో లెక్క చెప్పమనండి. లెక్క అడిగే ఇల్లాలి ఓటు వృథా కాదు.