పిప్పరమెంటు డబ్బాలో కరెంటు

ఊళ్లో కరెంటు పోతే నాన్న చెవి మిషన్‌కు ఛార్జింగ్ ఉండేది కాదు. పవర్ బ్యాంక్ పెడితే నిమిషంలో ఆగిపోయేది. అంత చిన్న మిషన్ లాగే కరెంటు దాని లెక్కలోకి రాదు. ఏమీ తగిలించలేదనుకుని ఆరిపోతుంది.

అప్పుడు గుర్తొచ్చింది, 2006లో అమెరికాలో లిమోర్ ఫ్రైడ్ తయారుచేసిన మింటీబూస్ట్. ఆల్టాయిడ్స్ పిప్పరమెంటు డబ్బాలో రెండు ఏఏ బ్యాటరీలు, వాటి 3 వోల్టులను 5కి పెంచే చిన్న సర్క్యూట్, యూఎస్‌బీ సాకెట్. అంతే. తక్కువ కరెంటు లాగితే ఆరిపోయే ఏర్పాటు అందులో లేదు. ఆ డిజైన్‌ను ఆమె దాచుకోకుండా అందరికీ ఇచ్చేసింది. నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది అదే! ఐఫోన్లు దానితో ఛార్జ్ కాకుండా మొరాయిస్తే, డేటా తీగలకు రెసిస్టర్లతో 2 వోల్టులు అందించి ఒప్పించింది.

దానికి కావలసిన సామాను కోఠి గుజరాతీ గల్లీలో కొన్నాను. రేకు తగిలి షార్ట్ కాకుండా డబ్బా అడుగున టేపు అంటించాను. టంకం వాసన ఇంకా పోలేదు, నాన్న మిషన్ డబ్బా మీద లైటు వెలిగింది.