మట్టికట్టయు నీరటికాడును

సంగారెడ్డిలోని మహబూబ్‌సాగరము, పటాన్‌చెరులోని సాకి చెరువు మొదలైనవన్నియు మట్టికట్టల చెరువులే. పై చెరువు నిండి మత్తడి దూకిన నీరు క్రింది చెరువును చేరునట్లు గొలుసుకట్టుగా చెరువులను కూర్చుట తెలంగాణమున కాకతీయుల నాటికే ప్రబలిన పద్ధతి యగుటచే, ఒక కట్ట తెగినచో ఆ కీడు ఆ యూరితో ఆగక దిగువ కట్టల మీదికి పోవును. 1908 సెప్టెంబరులో మూసీ వరద హైదరాబాదును ముంచినపుడు, ఎగువనున్న 788 చెరువులలో 221 తెగినవని మోక్షగుండం విశ్వేశ్వరయ్య లెక్కతేల్చెను.

ఇట్టి ముప్పును కనిపెట్టుటకు పూర్వులు నియోగించినవాడు నీరటికాడు. తూము తీసి మూసి మడులకు నీరు పంచువాడు అతడే, వానకాలపు రాత్రులలో కట్ట లోవైపు అలల కోతను, వెలుపలి అడుగున ఊటను చూచుచు నడచువాడును అతడే. మట్టికట్ట కొంత చెమర్చుట సహజము గనుక ఊట తేటగానున్నంతవరకు అతనికి దిగులు లేదు. నీరు మడ్డిగా మారినదా, లోపలి మన్ను కొట్టుకొనివచ్చుచున్నదనియు బుంగ పడినదనియు గ్రహించి ఊరిని లేపెడివాడు. వెలుపలి నోటిని మాత్రము మూసినచో నీరు కట్టలోనే మరియొక దారి వెదకును. కావున లోవైపున బుంగ మొదలు కనుగొని గడ్డియు బంకమన్నును కుక్కవలెను, వెలుపల ఊట చుట్టును ఇసుక బస్తాలు పేర్చి నీటి వడిని తగ్గింపవలెను. తుమ్మ మొలకను పసితనముననే పెరికివేయుటయు ఇందులకే: పెరిగిన చెట్టు చచ్చి వేరు కుళ్ళిన చోట నీటికి సొరంగము సిద్ధమగును. మరికొంత నీరు నిలుచునను ఆశతో మత్తడిపై రాళ్ళు పేర్చుట అన్నింటికంటె ఘోరము. కట్టమీదుగా నీరు పొర్లినచో మన్ను కొద్ది గంటలకే కోసికొనిపోవును.

ఈ కాపుదలకు ప్రతిఫలము కళ్ళములో కొలిచి యిచ్చు ధాన్యపు మేర. చెరువు కట్టినవారికి, బాగుచేసినవారికి దశబంధపు మాన్యములు. 1970 దశకమున పటాన్‌చెరు పారిశ్రామికవాడ పెరుగజొచ్చినది మొదలు మడులు కర్మాగారములును ఇండ్ల స్థలములును అయినవి. రసాయన పరిశ్రమల వ్యర్థజలముచే అచ్చటి నక్కవాగు చెడగా, ఆ కాలుష్యముపై వ్యాజ్యము 1990లో సర్వోన్నత న్యాయస్థానమున కెక్కెను. ఆయకట్టు తరిగినకొలది మేరయు తరిగెను, నీరటికాని నడకయు నిలిచెను.

2015లో ఆరంభమైన చెరువుల పునరుద్ధరణ పథకము మిషన్ కాకతీయతో నియోజకవర్గమునకొక చెరువును మినీ ట్యాంక్‌బండుగా తీర్చు యత్నము సాగినది. సాయంకాలము పిల్లలు నీటి యొడ్డున తిరుగుట నాకును సంతోషమే. కాని నడకబాటకును దీపములకును దక్కు శ్రద్ధలో కొంత కట్ట అడుగునకు దక్కవలదా? నీడచెట్లను కట్టమీద గాక దూరముగా నాటవలెను. దీపస్తంభమునకు త్రవ్విన గోతిని పొరపొరగా మన్నుపోసి దిమ్మిస కొట్టవలెను. మత్తడి వాగులో ఇల్లు లేవనీయరాదు. ఒకప్పుడు గండిపడినచో పంట పోయెడిది, నేడు వరిమడుల తావున కాలనీలున్నవి. వాన వెలిసిన ప్రతిసారి కట్ట అడుగున నడచి, ఊటను కొలిచి పుస్తకమున వ్రాయుటకు, చెరువుకొక నీరటికాడిని నెలజీతముపై పురపాలక సంఘములు నియమింపవలెను.